బిస్కట్ పెట్టెలతో మట్టి మోసిన పటాలం

ఖాళీ అయిన బిస్కట్ పెట్టెకు అటొకటి ఇటొకటి కర్రలు పెట్టి మేకులు కొడితే ఇద్దరు మోసే డోలీ లాంటిది తయారవుతుంది. 1864 వేసవిలో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, పీటర్స్‌బర్గ్ ఊరి బయట ఒక పటాలం ఇలాంటి పెట్టెలతోనే భూమి లోపలి నుంచి దాదాపు 18,000 ఘనపుటడుగుల మట్టి మోసి పోసింది. తోపుడు బండ్లు అడిగితే పైవాళ్ళు ఇవ్వలేదు. గనుల్లో వాడే పికాసులు అడిగితే అవీ రాలేదు. సైన్యంలో ఉండే వంపు పికాసులనే పటాలం కమ్మరులు కొలిమిలో కాల్చి, సాగగొట్టి, ఇరుకు సొరంగంలో ఆడించడానికి వీలుగా చేసిచ్చారు. సొరంగం కూలకుండా పెట్టే కలప కోసం ఒక రైలు వంతెనను విప్పారు. అది చాలక మైళ్ళ దూరంలో మూతబడ్డ ఒక కోత మిల్లును తిరిగి నడిపించుకున్నారు.

ఆ పటాలం పేరు 48వ పెన్సిల్వేనియా వాలంటీర్ ఇన్‌ఫాంట్రీ. లింకన్ ప్రభుత్వం వైపున్న ఉత్తరాది రాష్ట్రాలకూ, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకూ మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధ చరిత్రలో 'క్రేటర్ (పెద్ద గొయ్యి) యుద్ధం' అనే ఘట్టం వీళ్ళు తవ్విన సొరంగంతోనే మొదలైంది. అందులో వేల మంది చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. సొరంగం పని అద్భుతంగా జరిగింది, దాడి మాత్రం ఘోరంగా చెడింది. రెండూ ఒకే సైన్యం, ఒకే నెలలో చేసిన పనులే. అదెలా సాధ్యమో అర్థం కావాలంటే ముందు రెండు మాటల చిక్కు విప్పాలి. ఒకటి 'వాలంటీర్', రెండోది 'ముట్టడి'.

వాలంటీర్ అన్న మాటకు ఆంధ్రలో ఈమధ్య వేరే అర్థం స్థిరపడింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 1861లో యుద్ధం మొదలైనప్పుడు అమెరికా ప్రభుత్వం దగ్గరున్న శాశ్వత సైన్యం పదహారు వేల మందే. వాళ్ళలోనూ ఎక్కువమంది ఎక్కడో పశ్చిమ సరిహద్దుల్లో ఉన్నారు. అందుకే అధ్యక్షుడు లింకన్ రాష్ట్రాలను మనుషుల్ని పంపమని అడిగాడు. గవర్నర్లు రంగంలోకి దిగారు. ఊళ్ళో పలుకుబడి ఉన్న లాయరో, వ్యాపారో, గని కాంట్రాక్టరో ఒక వంద మందిని పోగుచేస్తే అది ఒక కంపెనీ. అలాంటివి పది కలిస్తే ఒక రెజిమెంట్, అంటే పటాలం. అధికారులకు నియామక పత్రాలు ఇచ్చేది గవర్నరే. జీతం ఉండేది, కానీ సిపాయికి నెలకు 13 డాలర్లే. 1864లో దాన్ని 16 చేశారు.

ఈ పద్ధతి వల్ల ఒక ఊరి వాళ్ళు, ఒకే గనిలో దిగేవాళ్ళు, బావా బావమరుదులు అందరూ ఒకే కంపెనీలో ఉండేవారు. ఒక్క రోజు పోరు వికటిస్తే ఒక వీధి మొత్తం ఏడుపులే. అయితే మంచివైపు కూడా ఒకటుంది. ఊరి వృత్తి, ఊరి పనితనం చెక్కుచెదరకుండా యుద్ధరంగానికి వచ్చేవి. 48వ పటాలం వచ్చింది పెన్సిల్వేనియాలోని షూల్‌కిల్ కౌంటీ నుంచి. పాట్స్‌విల్ చుట్టుపక్కల ఉన్న ఆ కొండల కింద ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు ఉంటుంది. వేల్స్ నుంచి, ఐర్లండ్ నుంచి, జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు అక్కడ గనుల్లో బతికేవారు. సింగరేణి వైపు మనవాళ్ళు 'బాయి దిగడం' అంటారే, వీళ్ళదీ అదే బతుకు. పటాలమంతా గని కార్మికులే అని చాలాచోట్ల రాస్తుంటారు గానీ అది నిజం కాదు. ముట్టడి నాటికి మిగిలిన సుమారు 400 మందిలో గని పని తెలిసినవాళ్ళు నాలుగో వంతు ఉంటారేమో. ఆ నాలుగో వంతు మిగతావాళ్ళకు పని నేర్పింది.

మూడేళ్ళ ఒప్పందం మీద చేరిన వీళ్ళ గడువు 1864లో తీరాలి. అందరూ ఇంటికి పోతే యుద్ధం ఎవరు చేస్తారని ప్రభుత్వానికి టెన్షన్. మళ్ళీ చేరితే 400 డాలర్ల బోనస్, ముప్పై రోజుల సెలవు అంది. నాలుగింట మూడొంతుల మంది మళ్ళీ చేరిన పటాలానికి పాత పేరు అలాగే ఉంటుంది, పైగా 'వెటరన్' అన్న బిరుదు కూడా. 48వ పటాలం అలా 'వెటరన్ వాలంటీర్' అయింది. అప్పటికే వాళ్ళు రెండో బుల్ రన్, యాంటీటమ్, ఫ్రెడరిక్స్‌బర్గ్ చూసేశారు. 1863 చివర్లో టెనెసీలోని నాక్స్‌విల్‌లో ముట్టడికి లోపలివైపు కూడా గడిపారు. ఆ నాక్స్‌విల్‌ను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దానితో పనుంది.

ఇక ముట్టడి. ఆ మాట వినగానే మనకు గోల్కొండ గుర్తొస్తుంది. 1687లో ఔరంగజేబు సేన కోట చుట్టూ ఎనిమిది నెలలు కూర్చుని, లోపలివాళ్ళు అలిసిపోయేదాకా, చివరికి ఒకడు తలుపు తీసేదాకా చూసింది. పీటర్స్‌బర్గ్ ముట్టడి అలాంటిది కాదు. ఊరిని ఎవరూ చుట్టుముట్టలేదు. పీటర్స్‌బర్గ్ అయిదు రైలు మార్గాలు కలిసే చోటు. అక్కడికి ఉత్తరంగా పాతిక మైళ్ళ లోపే దక్షిణాది రాజధాని రిచ్‌మండ్ ఉంది. రిచ్‌మండ్ తిండీ, అక్కడున్న జనరల్ లీ సైన్యం తిండీ ఎక్కువగా ఈ ఊరి మీదుగానే వెళ్ళాలి. 1864 జూన్ నడిమిలో ఉత్తరాది సేనాధిపతి గ్రాంట్ ఊరిని ఒక్క ఊపున పట్టేయాలని చూశాడు. కుదరలేదు. దాంతో ఇరువైపులా నేల తవ్వుకుని కూర్చున్నారు. అలా తొమ్మిదిన్నర నెలలు సాగింది. గ్రాంట్ పని ఏమిటంటే కందకాల గీతను ఎడమవైపుకు సాగదీస్తూ ఒక్కొక్క రైలు మార్గాన్నే కోసేయడం. లీ పని ఆ గీతకు ఎదురుగా తన గీతను కూడా సాగదీయడం. మనుషులు తక్కువున్న లీకి గీత సాగేకొద్దీ పలచబడుతుంది. లెక్కగా చూస్తే ముట్టడి అంటే ఇంతే.

ఆ గీతలో ఒక మామూలు సిపాయి రోజు ఎలా గడిచేదంటే, తల ఎత్తకుండా గడిచేది. 48వ పటాలం ఉన్నచోట ఎదుటి గీతకు దూరం నాలుగు వందల అడుగులే. గట్టు మీదుగా టోపీ కనిపిస్తే చాలు, తూటా వచ్చేది. తూటా తిన్నగా వస్తుంది కాబట్టి వంగితే సరిపోతుంది. మోర్టార్ గుండు అలా కాదు, ఆకాశంలోకి లేచి నెత్తిన పడుతుంది. దానికోసం నేలలో గొయ్యి తీసి, పైన దుంగలు పేర్చి, వాటిమీద మన్ను కప్పి, అందులో దూరేవారు. దాన్ని 'బాంబ్‌ప్రూఫ్' అనేవారు. పగలు ఎండ, దుమ్ము, ఈగలు, దాహం. మరమ్మతు పనులన్నీ చీకటి పడ్డాకే. కాల్పులు ఆగినచోట మాత్రం ఉత్తరాది కాఫీకి దక్షిణాది పొగాకు మార్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఇంతకూ వెనక్కి కొన్ని మైళ్ళ దూరంలో ఉత్తరాది వాళ్ళకు వేరే లోకం. సిటీ పాయింట్ రేవులో ఓడలు దిగేవి. అక్కడి బేకరీ రోజుకు లక్ష మందికి సరిపడే రొట్టెలు కాల్చేది. కందకాల వెనక్కి రైలు పట్టాలు వేసి ఆ రొట్టెలు తెచ్చేవారు. ఎదుటివాళ్ళు అర్ధాకలితో ఉన్నారు.

అలా కూర్చున్న రోజుల్లోనే 48వ పటాలంలో ఒక మాట పుట్టింది. ఎదురుగా చిన్న గుట్ట మీద దక్షిణాది ఫిరంగుల స్థావరం ఉంది, ఇలియట్స్ సేలియంట్ అంటారు దాన్ని. కింద సొరంగం వేస్తే లేపేయొచ్చు కదా అని సిపాయిలు అనుకోవడం వాళ్ళ నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ హెన్రీ ప్లెజెంట్స్ చెవిన పడింది. అసలు కర్నల్ జాషువా సిగ్‌ఫ్రీడ్ కొన్ని పటాలాలు కలిసిన ఒక బ్రిగేడ్ నడపడానికి వెళ్ళడంతో పటాలం ఈయన చేతికి వచ్చింది. ప్లెజెంట్స్ పుట్టింది బ్యూనస్ ఎయిర్స్‌లో. పెరిగి, రైల్వే సొరంగాల పనిలో చేయి తిరిగి, తర్వాత పాట్స్‌విల్‌లో గనుల ఇంజనీరుగా స్థిరపడ్డాడు. ఆ మాట ఆయనకు పిచ్చిమాటలా అనిపించలేదు. పై అధికారి బర్న్‌సైడ్ కూడా సరేనన్నాడు. జూన్ 25 మధ్యాహ్నం తవ్వకం మొదలైంది.

సైన్యం ప్రధాన ఇంజనీరు డ్యువేన్, ఆయన పైనున్న జనరల్ మీడ్ మాత్రం ఇదంతా ఉత్త కోతలని కొట్టిపారేశారు. యుద్ధంలో అంత పొడుగు సొరంగం ఎవరూ తవ్వలేదు, లోపల గాలాడక మనుషులు చస్తారు అన్నది వాళ్ళ వాదం. విచిత్రమేమిటంటే ఎదుటి గీతలో కూడా సరిగ్గా ఇదే చర్చ జరిగింది. దక్షిణాది ఫిరంగి అధికారి పోర్టర్ అలెగ్జాండర్‌కు అనుమానం వచ్చి, శత్రువు సొరంగం వేస్తున్నాడు అన్నాడు. అక్కడే ఉన్న ఒక లండన్ విలేకరి, మొన్న ఢిల్లీ ముట్టడిలో 400 అడుగుల సొరంగం వేశారు, అంతకు మించి ఎవరూ వేయలేదు, గాలి సమస్య అని చెప్పాడట. ఢిల్లీ అంటే మన 1857 సిపాయిల తిరుగుబాటు. పెన్సిల్వేనియా బొగ్గు కార్మికులకు అది ఒక సమస్యే కాదని అలెగ్జాండర్ బదులిచ్చాడు. ప్లెజెంట్స్‌ను తన సొంత సైన్యం కంటే శత్రువే బాగా అంచనా వేశాడు. దక్షిణాది వాళ్ళు వెతుకుతూ ఎదురు సొరంగాలు తవ్వారు కూడా. అవి లోతు తక్కువై తగల్లేదు.

గాలి సంగతి ఎలా తేల్చారో చూద్దాం, ఎందుకంటే కథలో అసలు కిటుకు అక్కడే ఉంది. సొరంగం లోపలికి కొంత దూరం వెళ్ళాక, తమ గీత దాటకముందే, పైకి నిలువుగా ఒక బిలం తవ్వారు. అది పొగగొట్టం. దాని అడుగున ఎప్పుడూ మంట. ఆ మంటకు కాస్త బయటివైపు, గాలి దూరకుండా గుడ్డతో ఒక తలుపు. ఆ తలుపు కింద నుంచి నేల వెంట చెక్కలతో చేసిన చదరపు గొట్టం ఒకటి సొరంగం చివరిదాకా. ఇక భౌతికశాస్త్రం తన పని తాను చేస్తుంది. వేడెక్కిన గాలి పొగగొట్టంలోంచి పైకి పోతుంది. తలుపు మూసి ఉంది కాబట్టి ఆ ఖాళీని నింపడానికి సొరంగం లోపలి చెడ్డ గాలి మంటవైపు రావాలి. అది కదలాలంటే లోపలికి కొత్త గాలి రావాలి, దానికి ఉన్న దారి చెక్క గొట్టం ఒక్కటే. అంటే బయటి గాలి నేరుగా తవ్వేవాడి ముఖం మీదికే వస్తుంది. సొరంగం పెరిగినకొద్దీ గొట్టానికి ఇంకో ముక్క కలుపుతూ పోవాలి. ఇంట్లో మట్టి పొయ్యి మీద పొగగొట్టం పెట్టినవాళ్ళకు ఇది ఇట్టే తెలుస్తుంది. పైకొచ్చే పొగ చూసి శత్రువు పసిగట్టకుండా గీత పొడవునా అక్కడక్కడా వేరే మంటలు కూడా వేసేవారు.

సొరంగం పెద్దదేమీ కాదు. ఎత్తు అయిదు అడుగులు, అడుగున వెడల్పు నాలుగున్నర, పైన రెండు. వంగి నడవాల్సిందే. సగం దూరంలో జిగట మన్ను పొర తగిలింది. పికాసు దిగదు, పెట్టెకు అంటుకుంటే వదలదు. దాన్ని తప్పించుకోవడానికి సొరంగాన్ని కాస్త పైకి మళ్ళించారు. ఖాళీ సమయంలో సిపాయిలు ఆ మన్నుతోనే పొగాకు పైపులు మలుచుకుని ఎండబెట్టుకున్నారు. వంతు ముగించి బయటికొచ్చినవాడికి ఒక గుక్క విస్కీ. తవ్విన మన్ను శత్రువుకు కనబడకుండా కొమ్మలూ రెమ్మలూ కప్పేవారు.

దూరం కొలవడానికి థియోడొలైట్ అనే కోణాలు కొలిచే పరికరం కావాలి. సైన్యం ఇంజనీర్ల దగ్గర మంచిది ఉన్నా ఇవ్వలేదు. బర్న్‌సైడ్ వాషింగ్టన్ నుంచి ఒక పాతకాలపు పరికరం తెప్పించాడు. దానితోనే సరిగ్గా లెక్క కట్టారు. జులై 17న 510 అడుగుల దగ్గర, శత్రు ఫిరంగుల కిందికి, ఇరవై అడుగుల లోతున చేరారు. అక్కడి నుంచి కుడికీ ఎడమకీ దాదాపు 40 అడుగుల చొప్పున పక్క సొరంగాలు వేశారు. పన్నెండు వేల పౌండ్ల తుపాకి మందు అడిగితే ఎనిమిది వేలు ఇచ్చారు. 320 పీపాలు, ఒక్కోటి 25 పౌండ్లు. వాటిని మోసుకెళ్ళి ఎనిమిది అరల్లో పేర్చి, పేలుడు వెనక్కి తన్నకుండా సొరంగాన్ని ముప్పై నాలుగు అడుగుల మేర మట్టి బస్తాలతో గట్టిగా బిగించారు. బ్యాటరీ, తీగ ఇవ్వమన్నారు. రాలేదు. మంచి ఫ్యూజు పంపమన్నారు. ముక్కలు ముక్కలుగా మామూలు ఫ్యూజు వచ్చింది. పదేసి అడుగుల ముక్కలను అతికించి 98 అడుగుల వత్తి చేశారు.

జులై 30 తెల్లవారుజామున 3:15కు ప్లెజెంట్స్ స్వయంగా వత్తి అంటించాడు. 3:30కు పేలాలి. పేలలేదు. నాలుగైంది, ఇంకా ఏమీ లేదు. చీకటిలో పదిహేను వేల మంది దాడికి సిద్ధంగా కూర్చున్నారు. తెల్లవారితే అంతా బయటపడిపోతుంది. పేలుడు లేకుండానే దాడి చేసేద్దామా అని గ్రాంట్ ఆలోచించే దాకా వచ్చింది. అప్పుడు సార్జెంట్ హారీ రీస్, లెఫ్టినెంట్ జాకబ్ డౌటీ ఇద్దరూ లోపలికి వెళ్ళారు. వత్తి ఆరిందో, నెమ్మదిగా కాలుతోందో తెలియదు. ఎనిమిది వేల పౌండ్ల మందువైపు అయిదడుగుల బొరియలో వంగి నడవడమంటే ఏమిటో ఊహించుకోండి. వత్తి ఒక అతుకు దగ్గర ఆరిపోయి ఉంది. మళ్ళీ సవరించి, అంటించి బయటపడ్డారు. 4:44కు భూమి లేచింది.

గుట్ట ఉన్నచోట 170 అడుగుల పొడవు, ముప్పై అడుగుల లోతు గొయ్యి పడింది. దక్షిణ కెరొలైనా పటాలాల నుంచి, ఫిరంగుల దళం నుంచి దాదాపు మూడు వందల మంది చనిపోవడమో, గాయపడడమో, మట్టిలో కూరుకుపోవడమో జరిగింది. 48వ పటాలం పని అక్కడితో అయిపోయింది. వాళ్ళను దాడిలోకి పంపలేదు.

మరి దాడి ఎక్కడ చెడింది? జనరల్ లెడ్లీ తాగుబోతుతనం మీద నెపం వేయడం మామూలే. నిజమే, ముందు వరుసలో తన డివిజన్ (కొన్ని బ్రిగేడ్ల దళం) చావుకు వెళ్తుంటే ఆయన వెనక బాంబ్‌ప్రూఫ్‌లో రమ్ తాగుతూ కూర్చున్నాడు. నా ఉద్దేశంలో అది చివరి తప్పు, మొదటిది కాదు. బర్న్‌సైడ్ ఈ దాడికి ముందు వరుసలో నడపడానికి నల్లజాతి సైనికుల డివిజన్‌ను ఎంచుకున్నాడు. గొయ్యిలోకి దిగకుండా రెండు పక్కల నుంచి చుట్టి వెళ్ళాలన్నది వాళ్ళకు ఇచ్చిన శిక్షణ. అందులో ఒక బ్రిగేడ్‌ను నడిపింది మన 48వ పటాలం పాత కర్నల్ సిగ్‌ఫ్రీడ్. దాడికి ముందురోజు మీడ్ అడ్డుపడ్డాడు. వీళ్ళింకా పెద్ద యుద్ధం చూడలేదు, పైగా ఓడితే నల్లవాళ్ళంటే లెక్కలేక ముందు తోసేశారని జనం అంటారు అన్నాడు. గ్రాంట్ మీడ్ వైపే మొగ్గాడు. తర్వాత విచారణలో, ఆ డివిజన్ ముందు నడిచి ఉంటే గెలిచేవాళ్ళమని నమ్ముతున్నానని గ్రాంటే ఒప్పుకున్నాడు. చేతిలో ఒక్క రాత్రి మిగిలింది. బర్న్‌సైడ్ మిగతా మూడు డివిజన్లలో ఎవరు వెళ్ళాలో చీట్లు తీయించాడు. చీటీ లెడ్లీకి వచ్చింది.

నెలరోజులు అడుగు అడుగూ కొలిచి తవ్విన సొరంగం తర్వాత పని చీట్లకు వదిలేశారు. ముందు నిలిచినవాళ్ళకు ఏం చేయాలో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. తమ కందకం గోడ ఎక్కడానికి నిచ్చెనలు లేవు. ఎలాగో దాటి పరుగెత్తినవాళ్ళు గొయ్యి చూసి నిలబడిపోయారు, తర్వాత అందులోకే దిగారు. వెనక వచ్చినవాళ్ళూ వాళ్ళమీదే పడ్డారు. దిగడం సులువు, ఎక్కడం కాదు. వదులు మన్ను అడుగు వేస్తే జారిపోతుంది.

ఇక్కడే నాక్స్‌విల్ గుర్తు చేసుకోవాలి. 1863 నవంబర్ 29న అక్కడ ఫోర్ట్ సాండర్స్ మీద దక్షిణాది దాడి చేసింది. కోట ముందున్న గుంటలోకి దిగి, నిచ్చెనలు తేనందుకు ఎక్కలేక, ఇరవై నిమిషాల్లో ఎనిమిది వందల మందిని పోగొట్టుకుంది. ఆ రోజు గెలిచినవాడు బర్న్‌సైడ్. ఎనిమిది నెలలు తిరిగేసరికి అదే బర్న్‌సైడ్ మనుషులు గొయ్యిలో ఉన్నారు.

నల్లజాతి డివిజన్‌ను చివరికి పంపారు, అంతా చెడ్డాక. వాళ్ళు కొంత ముందుకు వెళ్ళగలిగారు కూడా. అంతలో దక్షిణాది జనరల్ మహోన్ ఎదురుదాడి తగిలింది. లొంగిపోయిన నల్ల సైనికులను కూడా దక్షిణాది వాళ్ళు చంపారు. మధ్యాహ్నానికి అంతా ముగిసింది. ఉత్తరాది నష్టం చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, పట్టుబడ్డవాళ్ళు కలిపి 3,798. దక్షిణాది నష్టం అందులో సగం కూడా లేదు. ఈ యుద్ధంలో తాను చూసినవాటిలో ఇదే అన్నిటికంటే విచారకరమైనదని గ్రాంట్ రాశాడు. శవాలను తీయడానికి ఆగస్టు 1న కాల్పులు ఆపుకున్నారు. బర్న్‌సైడ్ పదవి పోయింది. తర్వాత కాంగ్రెస్ కమిటీ తప్పంతా మీడ్‌దే అంది.

ముట్టడి మాత్రం ఆగలేదు. గ్రాంట్ మళ్ళీ రైలు మార్గాలు కోసే పనిలో పడ్డాడు. ఆగస్టులో వెల్డన్ లైను పోయింది. దక్షిణాది వాళ్ళు మధ్యలో దింపుకుని బళ్ళమీద సరుకు తెచ్చుకోవాల్సి వచ్చింది. చలికాలమంతా 48వ పటాలం మామూలు ముట్టడి కాపలాలోనే గడిపింది. కాపలా, మట్టి పని, మోర్టార్లు, మళ్ళీ కాపలా. ఆ గీతలో ఎదురెదురుగా ఉన్న రెండు కోటలకు సిపాయిలు 'ఫోర్ట్ హెల్', 'ఫోర్ట్ డామ్‌నేషన్' అని పేర్లు పెట్టుకున్నారు. రెండోదాని అసలు పేరు ఫోర్ట్ మహోన్. ప్లెజెంట్స్ అప్పటికి పటాలంలో లేడు.

1865 ఏప్రిల్ 2న గ్రాంట్ గీత పొడవునా దాడికి ఆజ్ఞ ఇచ్చాడు. ఈసారి 48వ పటాలాన్ని ముందుకు పంపారు, ఫోర్ట్ మహోన్ మీదికి. అక్కడ వాళ్ళ కర్నల్ జార్జ్ గోవెన్ చనిపోయాడు. మర్నాడు పీటర్స్‌బర్గ్ ఖాళీ అయింది, వారంలో లీ లొంగిపోయాడు. పటాలాన్ని రద్దు చేసి మనుషుల్ని ఇళ్ళకు పంపింది 1865 జులై 17న. సొరంగం శత్రువు కిందికి చేరి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. వాళ్ళలో చాలామంది తిరిగి షూల్‌కిల్ గనుల్లోకే దిగారు.